పైపు చల్లగా ఉంది, రాడ్ కాలిపోతోంది: అనంతపురం దగ్గర ఒక సి.ఎన్.జి. కంప్రెసర్ ప్యాకింగ్ కేస్

అనంతపురం దాటాక 44వ నంబరు జాతీయ రహదారి పక్కన ఒక సి.ఎన్.జి. స్టేషన్. అక్కడ నాలుగు స్టేజీల రెసిప్రొకేటింగ్ (పిస్టన్ ముందుకూ వెనక్కూ ఆడే) కంప్రెసర్లు రెండున్నాయి. 16–18 బార్ ప్రెషర్‌లో లోపలికి వచ్చే గ్యాస్‌ను 250 బార్‌కు తీసుకెళ్ళి కాస్కేడ్‌లోకి (గ్యాస్ నిల్వ చేసే సిలిండర్ల వరుసలోకి) నింపడం వాటి పని. మొదటి మెషీన్‌లో నాలుగో స్టేజ్ పిస్టన్ రాడ్ ప్యాకింగ్ పదే పదే పోతోందని నన్ను పిలిచారు. కొత్త రింగులు వేస్తే కొన్ని వారాలు బాగానే నడుస్తుంది. తర్వాత ప్యాకింగ్ దాటి కారిన గ్యాస్‌ను బయటికి పంపే వెంట్ లైన్‌లో గ్యాస్ పెరుగుతుంది, గ్యాస్ డిటెక్టర్ మొత్తుకుంటుంది, మళ్ళీ షట్‌డౌన్. పైగా ప్రతిసారీ రింగుల ఆయుష్షు ముందుకంటే తగ్గుతూ వస్తోంది. మిగతా మూడు స్టేజీల ప్యాకింగ్‌కు మాత్రం ఏ రోగమూ లేదు.

నేను వెళ్ళేసరికి మూడు అభిప్రాయాలు స్థిరపడి ఉన్నాయి. రింగులు అమ్మినవాళ్ళు ఆయిల్ చాలట్లేదన్నారు. మెయింటెనెన్స్ కాంట్రాక్టర్ రింగు గ్రేడే మంచిది కాదన్నాడు. స్టేషన్ వాళ్ళు ఎండ అన్నారు. మే నెలలో అనంతపురంలో ఏది చెడిపోయినా ఎండ అంటే కాదనేవాళ్ళుండరు. కానీ ఎండ నాలుగు స్టేజీలకూ ఒకటే కదా, ఒక్క నాలుగోదే ఎందుకు పోతోంది అన్న ప్రశ్న ఎవరూ వేసుకోలేదు.

ఈ పనిలో లేనివాళ్ళ కోసం రెండు మాటలు. పిస్టన్ రాడ్ సిలిండర్‌లోంచి బయటికి వచ్చే చోట, దాని వెంట గ్యాస్ కారిపోకుండా ఆపేది ప్యాకింగ్. లోహపు కప్పులు వరుసగా పేర్చి, ఒక్కో కప్పులో ఒక జత రింగులు కూర్చోబెట్టి, మొత్తాన్ని ఫ్లాంజ్‌తో బిగిస్తారు. రింగులు ముక్కలుగా కోసి ఉంటాయి. చుట్టూ ఉండే గార్టర్ స్ప్రింగ్ వాటిని రాడ్‌కు ఆనించి ఉంచుతుంది, అంతే. అసలు బిగింపు గ్యాస్ ప్రెషర్‌ది. ప్రెషర్ పెరిగేకొద్దీ రింగు రాడ్‌ను గట్టిగా కరుచుకుంటుంది. అంటే సీల్ ఎంత బాగా పట్టుకుంటే రాపిడి అంత, వేడి అంత. నాలుగో స్టేజ్‌లో ఆ ప్రెషర్ 100 నుంచి 250 బార్ మధ్య ఊగుతుంటుంది కాబట్టి అక్కడ పుట్టే వేడి మిగతా చోట్లకంటే ఎక్కువ.

ఆ వేడి పోయే దారి కూడా చిత్రమైనది. రింగులు పి.టి.ఎఫ్.ఇ.తో (టెఫ్లాన్‌తో) చేసినవి. వేడిని మోయడంలో అది ఉక్కుకంటే వంద రెట్లకు పైగా బలహీనం. అందుకని రాపిడి వేడిలో ఎక్కువ భాగం రాడ్‌లోకి దిగుతుంది. రాడ్‌కు ఎక్కడా నీళ్ళు తగలవు. అది గ్యాస్ పొర మీదుగా, ఆయిల్ మీదుగా, రింగుల మీదుగా తన వేడిని కప్పులకు అందించాలి. కప్పుల లోపల తొలిచిన సన్నటి దారుల్లో పారే నీళ్ళు దాన్ని పట్టుకుపోవాలి. ఈ వరుసలో ఏ మెట్టు విరిగినా వేడి రాడ్‌లోనే ఉండిపోతుంది. పి.టి.ఎఫ్.ఇ. కరిగేది 327 డిగ్రీల దగ్గరే అయినా, అంతకు ఎంతో ముందే మెత్తబడి ప్రెషర్‌కు పక్కలకు జారడం మొదలవుతుంది. 120 దాటాక అరుగుదల తొందరగా పెరుగుతుంది. దానికి తోడు వేడికి ఉక్కు కంటే సుమారు పది రెట్లు వ్యాకోచిస్తుంది. 10 మి.మీ. మందం ఉన్న రింగు 100 డిగ్రీలు వేడెక్కితే 0.1 మి.మీ. పైనే ఉబ్బుతుంది. కప్పులో కదలడానికి ఉంచిన సందు ఆ మేరకు తగ్గిపోతుంది.

పాత రింగులు పారేయకుండా ఒక డబ్బాలో వేసి ఉంచినందుకు ఆ స్టేషన్ ఫిట్టర్‌కు దండం పెట్టాలి. చాలా చోట్ల అవి అప్పుడే చెత్తలోకి పోతాయి, వాటితోపాటే సాక్ష్యమూ పోతుంది. రింగు లోపలి అంచు కత్తిలా పలచబడి, వెనక ఉండే బ్యాకప్ రింగుకూ రాడ్‌కూ మధ్య సందులోకి సాగి ఉంది. ముక్కల చివరలు ఒకదానికొకటి ఆనుకుపోయి ఉన్నాయి. అలా ఆనుకున్నాక రింగు ఇంకెంత అరిగినా రాడ్ దగ్గరకు జరగలేదు, సీల్ అక్కడితో అయిపోయినట్టే. కప్పుల్లోంచి తీసిన గార్టర్ స్ప్రింగ్ లాగితే తిరిగి దగ్గరకు రావట్లేదు. రింగుల మీద గోధుమ రంగు నుంచి నలుపు దాకా మాడిన ఆయిల్ పొర, వార్నిష్‌లా. ఆయిల్ లేక అరిగిన రింగు ఇలా ఉండదు. ఇక్కడ ఆయిల్ ఉంది, అది మాడింది.

అయినా ఆయిల్ పెంచడం అప్పటికే అయిపోయింది. ఆయిల్ కొట్టే చిన్న పంపు, అంటే ల్యూబ్రికేటర్, స్ట్రోక్‌ను దాదాపు రెట్టింపు చేశారు. రింగులకు ఒరిగిందేమీ లేదు. అది వేడిని పట్టుకుపోయేంత ఆయిల్ కాదు, రాపిడి తగ్గించడానికి వేసే చుక్కలు మాత్రమే. ఎక్కువైన ఆయిల్ గ్యాస్‌తోపాటు కాస్కేడ్‌లోకి పోయి, అక్కణ్ణుంచి బండ్లలోకి పోయింది. "కిట్‌లో ఆయిల్ వస్తాంది సార్" అని ఆటోవాళ్ళు గొడవకు దిగారు. తర్వాత పీక్ (పి.ఇ.ఇ.కె. అనే ఇంకా గట్టి ప్లాస్టిక్) రింగులు వేద్దామన్న ప్రతిపాదన కూడా సిద్ధంగా ఉంది. వేడి పోవట్లేదని అనుమానం ఉన్న చోట ఇంకా గట్టి రింగు వేస్తే అది ఓర్చుకుంటుంది కానీ ఆ వేడిని రాడ్ భరించాలి. వద్దన్నాను.

రాడ్ రనౌట్ (కదిలేటప్పుడు రాడ్ పక్కకు ఎంత ఊగుతోందో) చూశాం, మాన్యువల్ హద్దులోనే ఉంది. క్రాస్‌హెడ్ క్లియరెన్స్, సక్షన్ ఫిల్టర్, ఇంటర్‌స్టేజ్ డ్రెయిన్లు, అన్నీ సరే. డిశ్చార్జ్ టెంపరేచర్ మేలో 120 దగ్గర ఉంది, ట్రిప్ సెట్టింగ్‌కు చాలా కింద. చల్లబరిచే నీళ్ళు (కూలెంట్) తిరిగొచ్చి కలిసే పెద్ద పైపు, అంటే రిటర్న్ హెడర్, దాని మీది గేజ్ 56 చూపిస్తోంది. ప్యానెల్‌లో ఒక్క అలారమూ లేదు.

కూలెంట్ లైన్ల దగ్గర నిలబడి ఉంటే షిఫ్ట్ ఆపరేటర్ వచ్చి, నాలుగో స్టేజ్ ప్యాకింగ్ నుంచి తిరిగి వచ్చే సన్న పైపు మీద చేయి పెట్టి చూపించాడు. "ఇది చూడండి సార్, మిగతావి వేడిగా ఉండాయి, ఇదొక్కటే చల్లగా ఉండాది. ప్యాకింగ్‌కు కూలింగ్ బాగా దొరుకుతాంది."

కేసు మొత్తం ఆ పైపులోనే ఉంది. ఆ రోజు గాలి 41 డిగ్రీలు. రేడియేటర్ నుంచి సప్లై హెడర్‌కు వచ్చే నీళ్ళు 52. మూడో స్టేజ్ ప్యాకింగ్ నుంచి బయటికొచ్చే పైపు 55. నాలుగో స్టేజ్‌ది 44. 52 డిగ్రీల నీళ్ళు లోపలికి పోయి, కాగుతున్న ప్యాకింగ్‌ను తాకి, 44 డిగ్రీలతో బయటికి ఎలా వస్తాయి? రావు. ఆ పైపులో నీళ్ళు కదలట్లేదు. కదలని పైపు చుట్టూ ఉన్న గాలి వేడికి దగ్గరగా వచ్చి ఆగింది, అందుకే చేతికి చల్లగా తగిలింది. అదే సమయంలో ప్యాకింగ్ ఫ్లాంజ్ మీద అంటించిన థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) 118 చూపించింది. బయటి ఫ్లాంజే అంతుంటే లోపల రింగు రాడ్‌ను రాసుకునే చోట ఎంతుంటుందో ఊహించుకోవచ్చు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో మెరిసే స్టెయిన్‌లెస్ పైపును కొలిస్తే అది తక్కువ చూపిస్తుంది. ఆ గన్‌తోనే తీసిన పాత రీడింగులన్నీ లాగ్ బుక్‌లో అందంగా ఉన్నాయి. పైపు మీద నల్ల ఇన్సులేషన్ టేప్ చుట్టి దాని మీద కొలవాలి, లేదంటే థర్మోకపుల్ అంటించాలి.

మరి హెడర్ గేజ్ ఎందుకు చెప్పలేదు? సిలిండర్ చుట్టూ నీళ్ళు తిరిగే జాకెట్లు, ప్యాకింగులు అన్నీ ఒకే సప్లై హెడర్ నుంచి పక్కపక్కనే చీలే బ్రాంచీలు. జాకెట్ దారులు వెడల్పు, ప్యాకింగ్ దారులు ఇరుకు. తుంగభద్ర ఎగువ కాలువ (హెచ్చెల్సీ) మీద బతికే ఊళ్ళవాళ్ళకు ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు. పైతూముల దగ్గర కాలువ నిండుగా పారుతున్నా, చివరి ఆయకట్టుకు నీళ్ళు అందాయని కాదు. నాలుగో స్టేజ్ ప్యాకింగ్ ఈ హెడర్‌కు చివరిది, అందులోనూ పైపు కిందికి వంగి మళ్ళీ లేచే చోట ఉంది, మడ్డి అంతా అక్కడే దిగుతుంది. ఆ ఒక్క బ్రాంచ్ పూర్తిగా మూసుకుపోయినా హెడర్‌లో ఒక డిగ్రీ తేడా కూడా కనిపించదు. టెంపరేచర్ స్విచ్ పెట్టింది కూడా ఆ హెడర్ మీదే.

మెషీన్ ఆపి, కూలెంట్ పంపు ఒక్కటే నడిపి, రిటర్న్ యూనియన్లు ఊడదీసి మగ్గు పట్టాం. మూడో స్టేజ్ బ్రాంచ్ పది సెకన్లలో లీటరు మగ్గు నింపింది. నాలుగోది దారంలా కారి, మధ్యలో చుక్కలుగా మారి, అడుగు తడపడానికే చాలాసేపు తీసుకుంది.

ఈ తేడా ఎంత పెద్దదో లెక్క చూస్తే అర్థమవుతుంది. రాడ్ వ్యాసం అంగుళానికి నిమిషానికి సుమారు ఒక గాలన్, అంటే దగ్గర దగ్గర 4 లీటర్లు, ఫీల్డులో వాడే మోటు లెక్క. ఈ రాడ్ 38 మి.మీ., అంటే అంగుళంన్నర, కాబట్టి 6 లీటర్లు కావాలి. ప్యాకింగ్‌లో ఒక కిలోవాట్ వేడి పుడుతోందని అనుకుందాం. 6 లీటర్లు పారితే నీళ్ళు రెండున్నర డిగ్రీలు మాత్రమే వేడెక్కుతాయి. అర లీటరే పారితే దాదాపు 29 డిగ్రీలు. అంతకంటే తగ్గితే నీళ్ళు లోపలే ఆవిరి పట్టడానికి సిద్ధమవుతాయి. ఎండ ప్రభావాన్ని దీని పక్కన పెట్టి చూడండి. బయటి గాలి పది డిగ్రీలు పెరిగితే రేడియేటర్ నీళ్ళూ అటూ ఇటుగా పదే పెరుగుతాయి, ప్యాకింగూ అంతే. ఫ్లో పోతే పెరుగుదలకు పైహద్దు లేదు. స్టేషన్ వాళ్ళు రేడియేటర్ మీద షెడ్డు వేయించే ఆలోచనలో ఉన్నారు. దాన్ని ఆపించాను. గాలికి అడ్డం తప్ప దానివల్ల లాభం లేదు.

గ్యాస్ ఐసొలేట్ చేసి, బ్లోడౌన్ చేసి, నైట్రోజన్‌తో పర్జ్ చేసి, మీటర్‌తో చూసుకుని ప్యాకింగ్ కేస్ బయటికి లాగాం. కప్పులు విడదీసి నీటి రంధ్రాల్లోకి టార్చ్ వేస్తే ఇటుక రంగు గోడలు కనిపించాయి, మధ్యలో పెన్సిల్ మొనంత చీకటి. డ్రాయింగ్‌లో రంధ్రం 8 మి.మీ. బయటి కప్పుల్లో 6 మి.మీ. డ్రిల్ షాంక్ దూరింది. సిలిండర్ వైపు కప్పుల్లో 3 మి.మీ. కడ్డీ కూడా దూరలేదు. సూది మొనతో గీకితే తుప్పు పొర కింద తెల్లటి పొర, దాని కింద మళ్ళీ తుప్పు, మళ్ళీ తెలుపు. ఆ పెచ్చు ఒకటి తీసి నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళు వేస్తే బుస్సుమని నురగ వచ్చింది. సున్నమే. వేడి ఎక్కువ ఉన్న కప్పులోనే గార ఎక్కువ ఉండటంలో వింత లేదు. చక్కెర లాంటివి వేడి నీళ్ళలో ఇంకా బాగా కరుగుతాయి. కఠిన జలంలోని సున్నం వేడి తగిలితే విడిపోయి అక్కడే అంటుకుంటుంది. గార పేరుకున్న కొద్దీ వేడి, వేడెక్కిన కొద్దీ గార. రంధ్రం 8 నుంచి 4 మి.మీ.కు తగ్గితే అదే ప్రెషర్‌కు ఫ్లో సగానికి కాదు, ఆరో వంతుకు పడిపోతుంది.

రాడ్ మీద రింగులు రాసుకునే మేర లేత గడ్డిరంగు పట్టీ ఉంది. ఉక్కుకు ఆ రంగు రావాలంటే ఉపరితలం 200 డిగ్రీలు దాటి ఉండాలి. మైక్రోమీటర్‌తో చూస్తే ఆ పట్టీలో వ్యాసం 0.09 మి.మీ. తగ్గింది, రెండు చివర్లా మామూలుగానే ఉంది. రింగుల ఆయుష్షు ఒకదానికంటే ఒకటి తగ్గుతూ రావడానికి కారణం ఇదే. వేడి రాడ్‌ను తినేసింది. తర్వాత నడుము సన్నబడ్డ రాడ్ మీద కొత్త రింగులు వేస్తూ పోయారు. అవి స్ట్రోక్‌కు రెండుసార్లు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండాల్సి వచ్చింది. రాడ్ మార్చక తప్పలేదు.

క్లోజ్డ్ సర్క్యూట్‌లోకి ఇంత సున్నం ఎక్కడిది? ఒకసారి నింపిన నీళ్ళలో ఉండే సున్నం కొంచెమే, అది ఒకసారి అంటుకుని అయిపోతుంది. గార ఇంత పెరిగిందంటే నీళ్ళు ఎప్పటికప్పుడు కొత్తగా వస్తున్నాయన్నమాట. అడిగితే ఆపరేటర్ తేలిగ్గా చెప్పాడు. "దినామూ ఒక బకెట్ పోస్తాం సార్. లెవెల్ తగ్గుతాది కదా." కూలెంట్ పంపు షాఫ్ట్ సీల్ కారుతోంది. కింద వేడి స్కిడ్, పైన అనంతపురం ఎండ. చుక్క పడ్డ చోటే ఆరిపోవడంతో మడుగు కట్టలేదు, ఎవరి కంటా పడలేదు. పోసేది పక్కనున్న బోరు నీళ్ళు. ల్యాబ్‌లో చూపిస్తే హార్డ్‌నెస్ లీటరుకు 500 మి.గ్రా. పైనే వచ్చింది. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500 చెప్పే మేలైన హద్దు 200, వేరే దిక్కు లేని చోట 600. మా జిల్లా బోర్లకు ఇది కొత్త కాదు. బకెట్ 15 లీటర్లు అనుకుంటే రోజుకు ఏడున్నర గ్రాముల సున్నం. ఏడాదికి రెండున్నర కిలోలకు పైన. అంతా ప్యాకింగ్‌లోనే కూర్చోదు కానీ, అక్కడ కూర్చోవడానికి ఒక పిడికెడు చాలు. బకెట్ పడ్డప్పుడల్లా సిస్టంలో ఉన్న ఇన్‌హిబిటర్ (తుప్పు పట్టకుండా నీళ్ళలో కలిపే మందు) కూడా పలచబడుతూ వచ్చింది, తుప్పు పొరలు దాని పుణ్యమే.

బాగు చేసే పనిలో కొత్తదనం లేదు, ఓపికే కావాలి. కప్పులను ఇన్‌హిబిటర్ కలిపిన గోరువెచ్చని సిట్రిక్ యాసిడ్‌లో నానబెట్టి, నైలాన్ బ్రష్‌తో తోమి, సోడా యాష్ నీళ్ళతో కడిగి ఆరబెట్టాం. డ్రిల్ బిట్ పెట్టి తోడేద్దామని ఫిట్టర్ తొందరపడ్డాడు. కప్పు ముఖం మీద ఒక్క గీత పడితే గ్యాస్ అక్కణ్ణుంచే కారుతుంది, వద్దన్నాను. ముఖాలను సర్ఫేస్ ప్లేట్ మీద ల్యాప్ చేసి (సన్నగా అరగదీసి), చదునుగా ఉన్నాయో లేదో నీలి రంగు రాసి చూసుకున్నాం. కప్పుల మధ్య నీటి రంధ్రాల చుట్టూ ఉండే ఓ-రింగులన్నీ కొత్తవి. ఇక్కడ నేను పట్టుబట్టే పని ఒకటుంది. కేస్‌ను మెషీన్‌లో పెట్టకముందే బల్ల మీద బిగించి, నీటి దారికి విడిగా ప్రెషర్ టెస్ట్ చేయాలి. ఓ-రింగు కారితే నీళ్ళు నేరుగా రాడ్ మీద పడతాయి, ఆయిల్‌ను కడిగేస్తాయి, ఆపిన రాత్రి రాడ్‌కు తుప్పు పట్టిస్తాయి. అప్పుడు కూలింగ్ లేని ప్యాకింగే నయమనిపిస్తుంది. మొదటి టెస్ట్‌లో ఒక ఓ-రింగు చెమర్చింది కూడా. మార్చి మళ్ళీ చేశాం.

లైన్ల వైపు పంపు సీల్ మార్చాం. ప్యాకింగ్ సప్లైకి విడిగా స్ట్రెయినర్, ఒక్కో బ్రాంచ్ రిటర్న్‌కు లోపలి ప్రవాహం కనిపించే సైట్ ఫ్లో ఇండికేటర్, జాకెట్ బ్రాంచీలకు వాల్వులు పెట్టాం. జాకెట్ వాల్వులు కొంచెం నొక్కితేనే ప్యాకింగ్ వైపు ఫ్లో లేచింది. మరీ నొక్కకూడదు, మరీ వదలనూ కూడదు. జాకెట్‌కు, ప్యాకింగ్‌కు కావలసింది ఒకటి కాదు. జాకెట్ నీళ్ళు లోపలికొచ్చే గ్యాస్ కంటే కొన్ని డిగ్రీలు వేడిగా ఉండాలి, లేకపోతే గ్యాస్‌లోని తడి సిలిండర్‌లోనే చెమ్మగా దిగుతుంది. ప్యాకింగ్‌కు మాత్రం ఎంత చల్లగా ఉంటే అంత మంచిది. పెద్ద ప్రాసెస్ కంప్రెసర్లకు అందుకే ప్యాకింగ్ కూలెంట్ విడిగా ఇస్తుంటారు. ఇక్కడ ఒకే రేడియేటర్, కాబట్టి రాజీ పడ్డాం.

నీళ్ళ విషయంలో మాన్యువల్ సగానికి సగం గ్లైకాల్ కలపమంటుంది. అది మంచు కురిసే దేశాన్ని దృష్టిలో పెట్టుకుని రాసిన మాట. గ్లైకాల్ కలిపితే నీళ్ళు మోసే వేడి తగ్గుతుంది, చిక్కదనం పెరిగి సన్న దారుల్లో పారడం కష్టమవుతుంది. తయారీదారు నుంచి రాతపూర్వకంగా సరేనని తెప్పించుకుని డీమినరలైజ్డ్ వాటర్ (లవణాలు తీసేసిన నీళ్ళు), ఇన్‌హిబిటర్ మాత్రమే నింపాం. బ్యాటరీ షాపులకు నీళ్ళు వేసే అతనే క్యాన్లు తెచ్చి దించుతాడు. తాగే ఆర్.ఓ. క్యాన్ పోస్తే చాలదా అని అడిగారు. గార పట్టదు కానీ, ఇన్‌హిబిటర్ లేకుండా పోస్తే ఇనుమును తింటుంది.

స్టార్ట్ చేసే ముందు ల్యూబ్రికేటర్‌ను చేత్తో కొట్టి ఆయిల్ రాడ్ దాకా వచ్చిందని చూసుకున్నాం. లోడ్ లేకుండా కాసేపు నడిపి, తర్వాత మెల్లగా ఎక్కించాం. ఆయిల్ రేటును మళ్ళీ మాన్యువల్ లెక్కకు దించాం. గంట తర్వాత ఆపరేటర్ కంగారుగా వచ్చాడు, నాలుగో స్టేజ్ పైపు కూడా వేడెక్కిందని. సప్లై 51, ఆ పైపు 54, ఫ్లాంజ్ 76. అదే కావలసింది అంటే అతనికి నమ్మకం కుదరడానికి సైట్ గ్లాస్‌లో తిరుగుతున్న చక్రం చూపించాల్సి వచ్చింది.

వెంట్ లైన్‌కు ఫ్లో మీటర్ పెట్టి రాసుకోవడం కూడా అప్పుడే మొదలుపెట్టించాను. కొత్త ప్యాకింగ్ అయినా సున్నా చూపించదు. అమెరికా పర్యావరణ సంస్థ ఇ.పి.ఎ. లెక్క ప్రకారం సరిగ్గా బిగించిన కొత్త ప్యాకింగ్ నుంచి గంటకు 11.5 ఘనపుటడుగులు, అంటే మూడో వంతు ఘనమీటరు గ్యాస్ పోవడం మామూలే. మొదటి రోజు అంకె ఎంతో తెలిస్తేనే తర్వాత పెరుగుదల తెలుస్తుంది. లాగ్ షీట్‌లో కొత్తగా మూడు గడులు చేర్చాం: ఒక్కో ప్యాకింగ్ బ్రాంచ్ ఇన్, ఔట్ టెంపరేచర్, వెంట్ ఫ్లో, ఆ రోజు పోసిన కూలెంట్ ఎన్ని లీటర్లు. నా దృష్టిలో చివరి గడే అన్నిటికంటే విలువైనది. రెండు రోజులు వరుసగా అందులో అంకె పడితే ఎక్కడో కారుతోందని అర్థం.

తర్వాతి వేసవి మొత్తం ఆ రింగులే నడిచాయి. షెడ్యూల్ ప్రకారం విప్పినప్పుడు ముక్కల మధ్య సందు ఇంకా మిగిలే ఉంది. స్ప్రింగు లాగి వదిలితే చటుక్కున దగ్గరకు వచ్చింది.

పక్కనున్న రెండో కంప్రెసర్‌కు అప్పటిదాకా ఏ ఫిర్యాదూ లేదు. అదే బోరు, అదే బకెట్ కాబట్టి దాని నాలుగో స్టేజ్ బ్రాంచ్‌కు కూడా మగ్గు పట్టి చూశాం. నిమిషానికి మూడు లీటర్లకు కొంచెం ఎక్కువ వచ్చింది. నడుస్తున్న మెషీన్‌ను ఎందుకు విప్పాలని యాజమాన్యం కొన్నాళ్ళు నానబెట్టి, ఒక సెలవు రోజు ఒప్పుకుంది. కప్పుల రంధ్రాలు 6 మి.మీ. దగ్గరికొచ్చి ఉన్నాయి. రాడ్ మీద ఇంకా రంగు పట్టలేదు, మైక్రోమీటర్ తేడా చూపించలేదు. కప్పులు కడిగి, ఓ-రింగులు మార్చి, అదే రాడ్‌తో బిగించేశాం.